సంతకం లేని గడి

"ఎంత తాగారు?" అని అడిగింది ఆమె. అది మూడోసారి అడగడం.

ఆమె భర్త బస్సు డ్రైవరు. యూనిఫాం చొక్కా పైగుండీ కూడా విప్పకుండా ముందుగదిలో కుర్చీ అంచున కూర్చుని, తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. టైము ఏడుంబావు. ఈపాటికి ఆయన బస్సు రెండో ట్రిప్పులో ఉండాలి.

"ఆయన్ని వదిలెయ్యవే," అంది ఆమె తల్లి. "నేను అడిగాను. తాగలేదన్నారు."

"నువ్వెప్పుడు అడిగావు?"

"ఐదింటికి."

ఐదింటికి. అదీ ఆమెకు కడుపు రగిలిన చోటు.

డిపో గేటు పక్కన గోడకు బిగించిన మిషను ఒకటి ఉంది. బస్సు తాళం చేతికి రావాలంటే డ్రైవరన్నవాడు అందులో ఊదాలి. సున్నా వస్తే తాళం ఇస్తారు, సున్నా రాకపోతే అది కూతపెడుతుంది. ఎనిమిది నెలలుగా సున్నా చూపిస్తున్న మనిషికి ఇవాళ పొద్దున ఐదింటికి అది కూతపెట్టింది. అలాంటప్పుడు ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టి రెండోసారి ఊదిస్తారు. ఆయన కూర్చోలేదు. బయటికొచ్చి అత్తగారికి ఫోన్ చేశాడు. ఆవిడ తనింటికి వచ్చేయమంది, ఈయన వెళ్ళిపోయాడు. కట్టుకున్న పెళ్ళానికి తెలిసేసరికి ఏడుంబావయింది. ఈ రెండుగంటలూ ఆ కబురు ఎక్కడుందయ్యా అంటే, రెండు వీధుల అవతల అత్తగారింట్లో టీ తాగుతూ కూర్చుంది.

"నాకు ఫోన్ చెయ్యడానికి వేళ్ళు రాలేదా?" అంది ఆమె.

"ఎవరికి చెయ్యాలో కార్డు మీద రాసుంది," అన్నాడు డ్రైవరు. ఇంటికొచ్చాక ఆయన నోరు విప్పడం అదే మొదలు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆ కార్డంటే ఆమెకు సవతి కిందే లెక్క. తాగుడుందని తనంతట తాను ఒప్పుకున్న డ్రైవరును ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా వైద్యం చేయించాలని డిపోలో కొత్త రూలు వచ్చింది. ఆ రూలుకొక తోక ఉంది. రోజూ డ్యూటీకి పోయేముందు సొంత మనుషుల్లో ఒకరు ఆయన్ని ఎదురుగా నిలబెట్టి చూసి, కార్డులో ఆ రోజు గడిలో సంతకం పెట్టాలి. ఏ తేడా వచ్చినా ముందు వాళ్ళకే చెప్పాలి. ఆ మనిషిని 'తోడు' అంటారు. ఇంట్లో పెళ్ళాం నిక్షేపంలా ఉండగా ఈయన తోడుగా అత్తగారిని రాయించుకున్నాడు.

ఎందుకలా అని అడిగితే అప్పట్లో ఒక పెద్ద కథ చెప్పాడు. తాగుడు మాన్పించే క్లినిక్కులో డాక్టరుగారు మూడేళ్ళపాటు పరిశోధన చేశారట. భార్య తోడుగా ఉన్నవాళ్ళే తొందరగా మళ్ళీ సీసా పట్టారట. భార్య కాపలా కాస్తే ఇల్లు పోలీసు స్టేషనైపోతుందట. "కాగితాల మీద తేలిందది, నేనేం చెయ్యను?" అన్నాడు.

ఆ రోజు నుంచి పరిశోధన అన్న మాట వింటే ఆమెకు ఒళ్ళు మండేది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో ఎవరైనా పేపరు చదువుతూ, "సిగరెట్ల గురించి పరిశోధనలో ఏం తేలిందో విన్నారా?" అంటే, "వినలేదు, వినను," అని అద్దాలు తుడవడం మొదలుపెట్టేది.

పన్నెండేళ్ళు. పడిపోతే లేపింది, కక్కితే కడిగింది, బతిమాలింది, అలిగింది, తిట్టింది. ఏ ఒక్కదానికీ మానని మనిషి రోజుకో సంతకానికి మానాడు. తాగినన్నాళ్ళూ తనవాడు, మానేసరికి అమ్మ మనిషి. కుళ్ళంటే కుళ్ళే. ఆమె దానికి వేరే పేరు పెట్టుకోలేదు.

నిన్న సాయంత్రం ఆ కుళ్ళే పొంగి బయటపడింది. "రేపొక్కరోజు మా అమ్మ గుమ్మం తొక్కకుండా డ్యూటీకి వెళ్ళి చూపించండి, చాలు," అంది. ఆయన సరేనని కూడా అనలేదు. కానీ ఇవాళ ఆ వీధి వదిలేసి, వెనక సందులోంచి పోయాడు. కార్డులో ఇవాళ్టి గడి ఖాళీగా ఉంది.

"స్నానం చేసి రండి బాబూ," అంది తల్లి డ్రైవరుతో. "డిపో నుంచి నాకు ఫోనొచ్చింది. పదకొండింటికి కార్డు పట్టుకుని మనల్ని రమ్మన్నారు. ఇవాళ గడిలో సంతకముంటే మేనేజరుగారు మన మాట వింటారట. లేకపోతే పేరు కొట్టేస్తారట."

"కొట్టేస్తే?" అంది ఆమె.

"వైద్యం ఉండదు, బస్సూ ఉండదు."

డ్రైవరు లేచి బాత్రూములోకి వెళ్ళాడు. చూస్తే అత్తగారు పొమ్మంటే పోయే చిన్నపిల్లాడిలా ఉన్నాడు. అదీ ఆమె కంట పడకపోలేదు.

తల్లి తన సంచీలోంచి క్లినిక్కు వాళ్ళిచ్చిన పుస్తకం తీసింది. నీలం అట్ట, ముప్ఫై పేజీలు ఉంటుంది. ఎనిమిది నెలల కింద ఒక కాపీ ఈ ఇంటికీ వచ్చింది. అట్ట మీద 'తోడుగా ఉండేవారికి' అని ఉండడం చూసి ఆమె దాన్ని బియ్యం డబ్బా కింద ఎత్తుకి పెట్టింది. కళ్ళజోళ్ళ షాపులో రోజుకి నలభైమంది చేత గోడ మీది అక్షరాలు పైనుంచి కిందిదాకా చదివించే మనిషి. తన పేరు మీద రాలేదని ఇంటికొచ్చిన పుస్తకాన్ని ఒక్క పేజీ తిప్పలేదు.

"ఇందులో ఏమైనా ఉందేమో చూద్దాం," అంటూ తల్లి కళ్ళజోడు సర్దుకుని పైకే చదవడం మొదలుపెట్టింది. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు చేసిన గొంతు, ఒక్క ముక్క మింగకుండా చదువుతుంది. "తాగకపోయినా మిషను కూతపెట్టించే వస్తువులు. ఒకటి, దగ్గుమందు. రెండు, నోరు పుక్కిలించే మందు..."

ఆమె చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టింది.

తల్లి చదువుకుంటూ పోతోంది. "వీటివల్ల నోట్లో మిగిలిన వాసన పది పదిహేను నిమిషాల్లో పోతుంది. కంగారుపడక నోరు కడుక్కుని కూర్చుని, రెండోసారి తప్పకుండా ఊదండి." అక్కడ ఆవిడ ఆగిపోయింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "రెండోసారి ఊదమనాల్సింది నేను. కూత అనగానే ముందు తాగేశారనే అనుకున్నాను. వచ్చేయండి బాబూ అన్నాను. తప్పు నాదే."

ఎంత తేలిగ్గా ఒప్పేసుకుంది, అనుకుంది ఆమె.

మందు మానాక డ్రైవరుకి సిగరెట్లు ఎక్కువయ్యాయి. ఒక కన్నం పూడిస్తే ఇంకో కన్నం తెరిచావయ్యా, దీని సంగతీ చూద్దాం అని డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇంట్లో కాల్చడానికి వీల్లేదని ఆమె గొడవ చేస్తే, ఆయన పోయి అత్తగారి పెరటి మెట్ల మీద కూర్చుని కాల్చేవాడు. ఆవిడ నుసి రాల్చుకోడానికి సాసరు కూడా ఇచ్చేది. ఆ సాసరు చూసొచ్చిన రోజే ఆమె తన షాపు పక్క మందుల షాపులో ఆకుపచ్చ సీసా కొంది. నాలుగు రోజులుగా పొద్దున్నే మూతతో పోసి ఇచ్చి, "పుక్కిలించి పొండి, బస్సులో ఆడవాళ్ళు ముక్కు మూసుకుంటారు," అంటోంది.

మొదటి మూడు రోజులూ ఆయన అత్తగారి గుమ్మం దగ్గర ఆగి, టీ తాగి, సంతకం పెట్టించుకుని డిపోకి పోయేసరికి అరగంట పట్టేది. ఇవాళ తిన్నగా పోయాడు. ఆరు నిమిషాల దారి.

రెండూ తన చేతి చలవే. వెళ్ళొద్దన్నదీ తనే, పోసి ఇచ్చిందీ తనే.

ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అమ్మ ఏమంటుంది? ఏమీ అనదు. ఆవిడ ఏమీ అనకుండా చూసే చూపు ఒకటుంది. 'అందుకే నీ పేరు రాయలేదు' అని ఆ చూపుకి అర్థం.

ఇంకొక ఊహ కూడా వచ్చింది ఆమెకు. ఈ కార్డు పోతే తోడూ పోతుంది. అమ్మ గుమ్మం దగ్గర టీలూ పోతాయి, సాసరూ పోతుంది. మళ్ళీ ఇద్దరమే మిగులుతాం. ఆ ఊహకి ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా అది వెంటనే వెళ్ళిపోలేదు.

గిన్నె తీసి మళ్ళీ తోమింది. అది అప్పటికే తోమిన గిన్నె.

*

తొమ్మిదిన్నర దాటింది. షాపుకి ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసింది. ఇలాంటి ఫోన్లు చెయ్యడంలో ఆమెకు అలవాటు ఎక్కువ.

డ్రైవరు పెరట్లో సిగరెట్టు వెలిగించాడు. ఇవాళ వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. తల్లి కూడా వెనకాలే వెళ్ళి గట్టు మీద కూర్చుంది. వంటింటి కిటికీలోంచి ఇద్దరి వీపులూ కనిపిస్తున్నాయి. మాటలు సన్నగా వినిపిస్తున్నాయి.

"మీరెలా తట్టుకున్నారు అత్తయ్యా?"

"తట్టుకున్నానని ఎవరన్నారు బాబూ? మూడుసార్లు మానేశాను, మూడుసార్లు మళ్ళీ మింగాను. నాలుగోసారికి వదిలింది."

ఆమె పెరటి తలుపు తోసుకుని వచ్చింది.

"ఏం మింగావు?"

ఇద్దరూ తిరిగి చూశారు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకేలాంటి కంగారు. దొంగతనంగా ఏదో తింటూ దొరికిపోయిన అన్నాచెల్లెళ్ళలా ఉన్నారు.

"ఏం మింగావమ్మా?"

"ఎప్పటి మాటో లేవే."

"ఎప్పటి మాటో ఆయనకి చెప్పావుగా. నాకూ చెప్పు."

తల్లి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నిద్రమాత్రలు. నైట్ డ్యూటీలు చేసొచ్చి పగలు నిద్రపట్టక మొదలుపెట్టాను. ఒకటి రెండయింది, రెండు ఆరయ్యాయి. పదకొండేళ్ళు."

ఆమె లెక్క వేసుకుంది. వేసుకోకుండా ఉండలేకపోయింది. పదకొండేళ్ళంటే తన ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాటేదాకా. బడి నుంచి వస్తే మంచం మీద అమ్మ ముఖం గోడవైపు ఉండేది. తన జడ తనే వంకరగా వేసుకునేది. ప్రైజు తెచ్చుకున్న రోజు భుజం పట్టి ఊపినా అమ్మ కళ్ళు తెరవలేదు. అమ్మకి నేనంటే ఇష్టం లేదని అప్పుడొకటి లోపల రాసుకుంది. అది ఇప్పటికీ చెరపలేదు.

"తలనొప్పి అనేదానివి," అంది.

"అనేదాన్ని."

"అబద్ధమా?"

"అబద్ధమే. ఏమని చెప్పను నీకు? చెబితే నన్ను చూసే చూపు మారిపోతుందని భయం."

"మరి ఆయనకెలా చెప్పావు?"

"ఆయన నా కడుపున పుట్టలేదు కాబట్టి చెప్పగలిగాను."

అది నిజమే కావచ్చు. కానీ నిజమైనంత మాత్రాన మంట తగ్గుతుందా? తనకి దక్కాల్సిన మాట ఒకటి ఇన్నేళ్ళూ అమ్మ దగ్గరుంది. అది తీసుకెళ్ళి అల్లుడికి ఇచ్చింది. మొగుడి కష్టం అమ్మకి తెలుసు. అమ్మ కష్టం మొగుడికి తెలుసు. మధ్యలో తను ఇద్దరికీ వండిపెట్టే మనిషి.

"మీరు తెలుసుండి నాకు చెప్పలేదు," అంది భర్తతో.

"అత్తయ్య వద్దన్నారు."

"ఆవిడ వద్దంటే వద్దు. నేను వద్దంటే మాత్రం పన్నెండేళ్ళు తాగారు."

డ్రైవరు సిగరెట్టు గట్టుకి నలిపేశాడు. "సాయంత్రం మాట్లాడుకుందాం. ముందు డిపోకి పోవాలి."

"పోయి ఏం చెబుతారు? ఎందుకు కూతపెట్టిందో మీ ఇద్దరికీ తెలీదుగా." ఆమె గొంతు పెరిగింది. ఇద్దరికీ తెలియంది తనకొకటి తెలుసు. ఆ క్షణాన అది రహస్యంలా కాక, చేతిలో రాయిలా అనిపించింది. విసిరేసింది. "నేనిచ్చిన మందు వల్ల. నోరు పుక్కిలించే మందు. నీ పుస్తకంలో రెండోది."

పక్కింటి ట్యాంకులోంచి నీళ్ళు పొర్లిపోతున్న చప్పుడు వినబడుతోంది.

"అయితే," అన్నాడు డ్రైవరు నెమ్మదిగా, "నేను తాగలేదా?"

ఆమెకు అర్థం కాలేదు.

"ఐదింటి నుంచీ వెతుక్కుంటున్నాను," అన్నాడు. "తాగి మర్చిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. ఇవాళ కూడా అలాగే ఎక్కడో... అందుకే రెండోసారి ఊదలేదు. భయమేసింది." ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

తల్లి మాత్రం కూతురి ముఖంలోంచి కళ్ళు తిప్పలేదు. "నేను పుస్తకం చదివింది ఏడున్నరకి," అంది. "నువ్వు పక్కనే గిన్నె తోముతున్నావు."

ఆమె లోపలికి వెళ్ళి సీసాను సంచీలో వేసుకుంది. చెప్పులు వేసుకుంది.

"పదండి. నేనే చెబుతాను మేనేజరుగారికి."

*

డిపో మేనేజరు గదికి ఒకే కిటికీ. బయట బస్సులు కడుగుతున్నారు. మేనేజరు కళ్ళజోడు ఎడమవైపుకి ఒరిగి ఉంది. ముక్కు దగ్గర స్క్రూ వదులైందని ఆమె గుమ్మంలోంచే కనిపెట్టింది. ఇంకో రోజైతే చెప్పేది కూడా.

సీసా బల్ల మీద పెట్టి, జరిగిందంతా గబగబా చెప్పింది. మేనేజరు సీసా తిప్పి వెనక అక్షరాలు చదివాడు. కాదనలేదు.

"అవునమ్మా, దీనికి కూతపెడుతుంది. ఇరవై నిమిషాలు కూర్చుని రెండోసారి ఊది ఉంటే సున్నా వచ్చేది. బస్సు తీసుకుపోయేవాడు." కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కూర్చోలేదు. కనీసం ఎనిమిదిలోపు వచ్చినా మా నర్సు రక్తం తీసి తేల్చేది. ఇప్పుడు పదకొండు. దీనివల్లే కూసిందని మీరంటున్నారు. నేను నమ్మాలి."

"నమ్మండి సార్. నేనే పోసి ఇచ్చాను."

మేనేజరు సొరుగులోంచి లావుపాటి ఫైలు తీశాడు. కోపంగా తియ్యలేదు. పాపం, ఇబ్బంది పడుతూనే తీశాడు.

"ఇవన్నీ మీరు చేసిన ఫోన్లమ్మా. ఫలానా తేదీ, డ్రైవరుకి జ్వరం. ఫలానా తేదీ, విరేచనాలు. ఇదిగో, ఒకే సంవత్సరంలో రెండుసార్లు పచ్చకామెర్లు. మీవారికి అపెండిక్సు రెండుసార్లు తీయించారు మీరు. మనిషికి ఒకటే ఉంటుందని అప్పట్లో మా క్లర్కు అన్నాడు కూడా."

గది బయట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె చెవులు వేడెక్కాయి.

"ఉద్యోగం నిలబెట్టడానికే సార్."

"తెలుసమ్మా. నేనూ సంసారినే. కానీ మీ మాటని కాగితం మీద పెట్టుకోలేను. అందుకేగా అప్పుడే మీ పేరు కొట్టేశాం."

"నా పేరా?"

"తోడు ఫారంలో."

"అది డాక్టరుగారి పరిశోధన..." అంది ఆమె.

"ఏ పరిశోధన? ఆ డాక్టరు భార్య ఉంటే భార్యనే పెట్టమంటాడు. అబద్ధం సెలవులు అడిగినవాళ్ళ సంతకం చెల్లదన్నది మా రూలు." మేనేజరు ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు.

భర్త చేతిరాత ఆమెకు తెలుసు. బస్సు నంబర్లు రాసి రాసి అక్షరాలు కూడా బోర్డు మీద రాసినట్టు పెద్దపెద్దగా రాస్తాడు. 'తోడు' అన్న చోట ముందు తన పేరు రాసుంది. పక్కన 'భార్య' అని ఉంది. దాని మీద ఎర్ర గీత. కింద సన్నటి జాగాలో ఇరికించి అత్తగారి పేరు.

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన కిటికీలోంచి బస్సులు కడగడం చూస్తున్నాడు. ఎనిమిది నెలలు. ఎన్ని మాటలంది. నా మీద నమ్మకం లేదంది, మా అమ్మనే కట్టుకోలేకపోయారా అని కూడా అంది. ఒక్కసారన్నా ఈ ఫారం సంగతి ఎత్తలేదు మనిషి. నువ్వు నా కోసం ఆడిన అబద్ధాలే నిన్ను కొట్టేశాయని చెప్పలేక, డాక్టరు చెయ్యని పరిశోధనొకటి అల్లి, ఆమె కోపాన్ని దాని మీదికి తోలాడు.

"మీకు ఈ సీసా సంగతి ఎప్పుడు తట్టిందమ్మా?" అని అడిగాడు మేనేజరు, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

"ఇందాకే," అంది ఆమె. "బయల్దేరబోతుంటే."

అనేశాక తెలిసింది, అలవాటు చొప్పున అనేశానని. పక్కన తల్లి తల దించుకుంది.

"సరే," అన్నాడు మేనేజరు కార్డు ముందుకు జరుపుతూ. "తోడు మీరు కదా పెద్దమ్మా. ఇవాళ గడిలో మీరు సంతకం పెట్టండి. తాగలేదని మీరంటే నాకు చాలు. ఎనిమిది నెలలుగా మీ సంతకంలో ఒక్క తేడా రాలేదు."

తల్లి పెన్ను తీసుకుంది. కార్డు వంక చూసింది. ఒకే సంతకం, వరసలు వరసలుగా. చివర్లో ఒక ఖాళీ.

"ఇవాళ డ్యూటీకి ముందు నేను ఆయన్ని చూడలేదండీ," అంది.

"అమ్మా," అంది ఆమె గొంతు తగ్గించి. "పెట్టమ్మా."

"చూడకుండా చూశానని ఎలా పెట్టనే?"

"ఒక్క సంతకం. ఒక్కరోజు. నీకు పుణ్యముంటుంది."

"ఈ ఒక్కటి పెడితే పైన ఉన్నవన్నీ ఎందుకూ పనికిరావు." తల్లి పైవరసల సంతకాల మీద వేలు పెట్టింది. "పదకొండేళ్ళు అబద్ధమాడి మానుకున్నదాన్ని. ఆయన నా గుమ్మం ముందు నిలబడేది ఆ నమ్మకంతోనే."

"ఆయన ఉద్యోగం కన్నా నీ నమ్మకం ఎక్కువా?"

తల్లి సంతకం పెట్టకుండానే పెన్ను కార్డు పక్కన పెట్టేసింది.

మేనేజరు నిట్టూర్చాడు. "ఇంకో సంగతి కూడా ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు, ఇవాళ వెనక సందులోంచి వచ్చాడట. ఆ సందులో ఏ షాపుందో మీకు నేను చెప్పక్కర్లేదు. తలుపు తడితే ఏ వేళకైనా ఇస్తాడు వాడు."

ఆమెకు తెలుసు. పాత రోజుల్లో ఆ షాపు మెట్ల మీద నుంచే ఎన్నోసార్లు ఆయన్ని లేపుకొచ్చింది.

అప్పుడు డ్రైవరు కిటికీ దగ్గర్నుంచి తిరిగాడు.

"అత్తయ్యని బలవంతపెట్టకండి," అన్నాడు. తర్వాత భార్య వైపు చూశాడు. పొద్దున్నుంచీ ఆయన ఆమె కళ్ళలోకి చూడడం అదే మొదలు. "కార్డు సంగతి వదిలెయ్. ఇక్కడ నీ మాట చెల్లకపోతే పోయింది, నాకు చెల్లుతుంది. నువ్వు చెప్పు. నేనివాళ తాగానా?"

లేదు. రెండక్షరాలు. ఇంత దూరం ఆమె వచ్చింది ఆ రెండక్షరాలు చెప్పడానికే. మూత ఆయన నోటికందించింది తనే. పుక్కిలించి ఊస్తుంటే చూసింది తనే. కానీ గుమ్మం దాటాక, సందు మలుపు తిరిగాక, ఆ షాపు మెట్ల ముందు... పన్నెండేళ్ళు 'తాగలేదు' అని ప్రమాణాలు విన్న చెవులవి. వద్దన్నా కూడా అవి తలుపు చప్పుడు వింటున్నాయి. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. అది ఆగిన ఆ కాస్త వ్యవధిలో, తనకు తెలియకుండానే, ఆమె అమ్మ ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళూ ఏ మనిషి చూపు మీద పడి ఏడ్చిందో, ఆ మనిషి కళ్ళలోనే జవాబు వెతికింది.

రెప్పపాటే. డ్రైవరు చూశాడు.

"సరే," అన్నాడు.

"లేదు, తాగలేదు," అంది ఆమె గబుక్కున. "లేదండీ, మీరు తాగలేదు, నాకు తెలుసు." ఆ మాటకి విలువుండే వేళ దాటిపోయింది. అది ఆమెకే తెలిసింది.

డ్రైవరు బల్ల దగ్గరికొచ్చి, అత్తగారి ముందున్న కార్డు తీసుకుని మేనేజరు వైపు జరిపాడు. కోపం లేదు ఆయన ముఖంలో. కోపముంటే ఆమెకు బాగుండేది.

"పేరు కొట్టెయ్యండి సార్," అన్నాడు. "నన్ను చూసినవాళ్ళు ఎవరూ లేరివాళ."

మేనేజరు ఎర్ర పెన్ను మూత తీసి, ఒకసారి ఆడవాళ్ళిద్దరి వంకా చూశాడు. ఆమె లేచి నిలబడింది. ఆపాలి. ఆ చెయ్యి పట్టుకుని ఆపాలి. ఏ మాటతో ఆపాలో తెలియలేదు.

"ఆగండి," అన్న మాట గదిలో గట్టిగా వినిపించింది.

డ్రైవరు తలెత్తి అటు చూశాడు. అన్నది భార్య కాదు, అత్తగారు.